పది నిమిషాల ఆపరేషన్, ముప్పై ఏళ్ల లెక్క: కళ్లజోడు తీసేసిన తర్వాతి కథ

ఈరోజు మన కథ ఎవరెస్ట్ మీద మొదలవుతుంది.

1996 మే 10. అమెరికాలోని డల్లాస్ నుంచి వచ్చిన బెక్ వెదర్స్ అనే డాక్టర్ శిఖరం వైపు ఎక్కుతున్నాడు. వయసు 49. దాదాపు 27,500 అడుగుల దగ్గరికి వచ్చేసరికి ఆయనకి చూపు పూర్తిగా మసకబారిపోయింది. అడుగు ఎక్కడ వేయాలో కూడా కనపడట్లేదు. టీమ్ లీడర్ రాబ్ హాల్ ఆయన్ని అక్కడే ఆగమన్నాడు, తను దిగేటప్పుడు తీసుకెళ్తానన్నాడు. కానీ హాల్ తిరిగి రాలేదు. ఆ సాయంత్రం పెద్ద మంచు తుఫాను వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఎవరెస్ట్ మీద 8 మంది చనిపోయారు, వాళ్లలో హాల్ కూడా ఉన్నాడు. వెదర్స్ కూడా చనిపోయాడనుకుని మంచులో వదిలేశారు. ఆయన మాత్రం ఎలాగో లేచి, తనంతట తానే నడుచుకుంటూ క్యాంప్‌కి వచ్చాడు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి మోచేతి కింద నుంచి పోయింది, ఎడమ చేతి వేళ్లు పోయాయి, ముక్కు పోయింది.

ఆయన పర్వతారోహణ కథ చాలామందికి తెలుసు, దాని మీద సినిమా కూడా వచ్చింది. మనకి కావాల్సింది అందులో చిన్న పాయింట్. అసలు ఆయనకి చూపు ఎందుకు పోయింది?

ఎందుకంటే ఆయన అంతకుముందు సైట్ తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. దాని పేరు రేడియల్ కెరటాటమీ. అందరూ ఆర్‌కే అంటారు. కింద, మామూలు నేల మీద ఆ కళ్లు బాగానే పనిచేశాయి. ఆక్సిజన్ తక్కువున్న ఎత్తుకి వెళ్లేసరికి, పాత కోతలున్న చోట కంటి ముందు పొర ఉబ్బి, దాని వంపే మారిపోయింది. అంతే, ఫోకస్ పోయింది. అదే ఏడాది అమెరికా సైన్యానికి చెందిన కంటి డాక్టర్లు పైక్స్ పీక్ అనే కొండ మీద, 14,000 అడుగుల ఎత్తులో, చేసిన స్టడీ బయటికి వచ్చింది. మూడు రోజులు పైన ఉంచి కొలిస్తే ఆర్‌కే చేయించుకున్నవాళ్ల పవర్ ప్లస్ వైపు జరిగింది. మామూలు కళ్లలో ఆ మార్పు లేదు. కిందికి దిగాక మళ్లీ సర్దుకుంది.

మరి ఆపరేషన్ చేసినప్పుడు ఈ సంగతి డాక్టర్లకి తెలియదా? తెలియదు. ఆ కళ్లని అంతకాలం, అలాంటి పరిస్థితుల్లో గమనించినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి.

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క విషయం గురించే. సైట్ తీసేసే ఆపరేషన్ రిజల్ట్ మర్నాడు పొద్దున్నే కనపడుతుంది. దాని అసలు లెక్క మాత్రం పదేళ్లకో, ఇరవై ఏళ్లకో వస్తుంది. ఆ లెక్క చూసేవాళ్లు ఉంటేనే మనకి తెలుస్తుంది. ఎనభై ఏళ్లుగా ఈ కథ ఇలాగే నడుస్తోంది. మీలో లాసిక్ చేయించుకున్నవాళ్లు, చేయించుకోవాలనుకుంటున్నవాళ్లు చివరిదాకా ఉండండి. ఈ చరిత్రలోంచి మీ ఫోన్‌లో ఈరోజే చేసుకోవాల్సిన పని ఒకటి వస్తుంది.

ముందు కన్ను గురించి రెండే రెండు మాటలు. మీ ఫోన్ కెమెరాకి ముందు గ్లాస్ ఉంటుంది కదా, అలా కంటికి ముందు ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మందం మధ్యలో దాదాపు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటర్ కంటే కొంచెం ఎక్కువ. కన్ను చేసే ఫోకస్‌లో మూడింట రెండు వంతులు దీని పనే. మైనస్ సైట్ ఎక్కువ ఉన్నవాళ్లలో సాధారణంగా కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి కాస్త పొడుగ్గా ఉంటుంది. బొమ్మ రెటీనా మీద పడకుండా దాని ముందే పడిపోతుంది. కార్నియాని మధ్యలో కొంచెం చదును చేస్తే బొమ్మ వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది. సైట్ పోతుంది. కానీ కనుగుడ్డు పొడవు అంతే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరే, ఇప్పుడు టోక్యో వెళ్దాం.

1930ల చివర్లో జపాన్‌లో త్సుతోము సాతో అనే కంటి డాక్టర్ ఒక విషయం గమనించాడు. కార్నియా కోన్‌లా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు ఉంటుంది, కెరటోకోనస్ అంటారు. అలాంటి కొందరిలో కార్నియా లోపలి పొర దానంతట అదే చిరిగి, మానిన తర్వాత వంపు తగ్గింది. మరి మనమే కోస్తే? ఈ ఆలోచనతో జుంటెండో యూనివర్సిటీలో ఆయన మైనస్ సైట్‌కి ఆపరేషన్లు మొదలుపెట్టాడు. కార్నియాని బయట నుంచీ, లోపల నుంచీ, సైకిల్ చక్రం పుల్లల్లా చుట్టూ కోసేవాడు. 1950లు వచ్చేసరికి వందల కళ్లకి చేశారు. రిజల్ట్ బాగుంది. పేషెంట్లు సంతోషంగా ఇంటికి వెళ్లారు. అమెరికా జర్నల్‌లో పేపర్ కూడా వచ్చింది. 1960లో సాతో చనిపోయాడు. ఆయనకి తెలిసినంతవరకు ఆపరేషన్ సక్సెస్.

సమస్య ఎక్కడుందంటే, కార్నియా లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలు ఉంటాయి. ఎండోథీలియం అంటారు. వీటి పని మన ఇళ్లలో సంపులో నీళ్లు తోడే మోటార్ లాంటిది. కార్నియాలోకి చేరే నీటిని రాత్రీ పగలూ బయటికి తోడుతూ ఉంటాయి. అందుకే కార్నియా గాజులా స్పష్టంగా ఉంటుంది. ఈ కణాలు పోతే కొత్తవి పుట్టవు. మిగిలినవి కాస్త సాగి ఖాళీని కప్పుతాయి, అంతే. యువకుల్లో చదరపు మిల్లీమీటర్‌కి 2,500 నుంచి 3,000 దాకా ఉంటాయి కాబట్టి కొన్ని పోయినా వెంటనే తేడా తెలియదు. సాతో లోపల నుంచి కోసినప్పుడు ఈ కణాలే నాశనమయ్యాయి. అవి ఎంత ముఖ్యమో అప్పటికి వైద్యానికి సరిగ్గా తెలియదు.

మిగిలిన కణాలు ఏళ్ల తరబడి లాక్కొచ్చాయి. ఆపరేషన్ అయిన పదేళ్లకి, ఇరవై ఏళ్లకి, ఒక్కొక్కరి కార్నియా నీరు పట్టి ఉబ్బి, పొంగులు వచ్చి, చూపు మంచు కప్పినట్టు అయిపోవడం మొదలైంది. 1980ల మొదట్లో జుంటెండో డాక్టర్లే ఆ పాత పేషెంట్లని మళ్లీ పరీక్షించి ఈ విషయాన్ని ప్రపంచానికి చెప్పారు. చూసిన కళ్లలో ఎక్కువ శాతం దెబ్బతిన్నాయి. తమ సంస్థలో తమ గురువు చేసిన పని ఇలా అయిందని వాళ్లే రాశారు. అది చిన్న విషయం కాదు.

ఆ రిపోర్ట్ బయటికి వచ్చేలోపే కథ మాస్కో చేరిపోయింది. 1970ల్లో స్వ్యాతొస్లావ్ ఫ్యోదొరోవ్ అనే సోవియట్ సర్జన్ ఈ ఆపరేషన్‌ని మార్చి మొదలుపెట్టాడు. లోపలి వైపు కోయడం మానేసి, బయట నుంచి మాత్రమే కోశాడు. అదే వెదర్స్ చేయించుకున్న ఆర్‌కే. ఫ్యోదొరోవ్ మామూలు మనిషి కాదు, మంచి షోమ్యాన్ కూడా. మాస్కోలోని ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో పేషెంట్లు కదిలే బెడ్‌ల మీద వరసగా వచ్చేవాళ్లు, ఒక్కో సర్జన్ ఒక్కో స్టెప్ చేసి పక్కవాళ్లకి పంపేవాడు. కార్ల ఫ్యాక్టరీలో లైన్ ఉన్నట్టే. 1978లో లియో బోర్స్ అనే డాక్టర్ ఈ ఆపరేషన్‌ని అమెరికాకి తీసుకెళ్లాడు. అక్కడ క్లినిక్‌లు పుట్టుకొచ్చాయి, అడ్వర్టైజ్‌మెంట్లు మొదలయ్యాయి.

ఇక్కడ మాత్రం ఒక మంచి పని జరిగింది. కొందరు డాక్టర్లు ఆగండి, ముందు లెక్క తేలుద్దాం అన్నారు. అమెరికా ప్రభుత్వానికి చెందిన నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ డబ్బిచ్చింది. అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీ డాక్టర్ జార్జ్ వేరింగ్ నడిపించాడు. స్టడీ పేరు పెర్క్. 1980ల మొదట్లో 400కు పైగా పేషెంట్లకి, మొత్తం 793 కళ్లకి, ఒకే పద్ధతిలో 8 కోతలు పెట్టి ఆపరేషన్ చేశారు. తర్వాత వాళ్లని వదిలేయలేదు. ఆరు నెలలకి పిలిచారు, ఏడాదికి పిలిచారు, పదేళ్లకి కూడా పిలిచారు.

పదేళ్ల రిపోర్ట్ 1994లో వచ్చింది. 374 మంది తిరిగొచ్చారు, 693 కళ్లు చూశారు. కళ్లజోడు లేకుండా 53 శాతం కళ్లకి 6/6 చూపు, 85 శాతం కళ్లకి 6/12 లేదా అంతకంటే మంచి చూపు ఉంది. ఇది మంచి వార్త. ఇంకో లెక్క కూడా ఉంది. ఆరు నెలల నుంచి పదేళ్ల మధ్యలో 43 శాతం కళ్లు ఒక పాయింట్ లేదా అంతకంటే ఎక్కువ ప్లస్ వైపు జరిగాయి. అంటే కోతలు పూర్తిగా గట్టిపడలేదు, కార్నియా మెల్లమెల్లగా ఇంకా చదును అవుతూనే ఉంది. పాతికేళ్ల వయసులో ఒక పాయింట్ ప్లస్ ఉన్నా కంటి లోపలి లెన్స్ సర్దేస్తుంది, తేడా తెలియదు. నలభై దాటాక ఆ లెన్స్ బిగుసుకుపోతుంది. అప్పుడు దగ్గరిదీ కనపడదు, దూరానిదీ సరిగ్గా కనపడదు.

ఆ స్టడీ ఆరు నెలలకి ఆగిపోయి ఉంటే ఏం రాసేవాళ్లు? ఆపరేషన్ బాగుంది, రిజల్ట్ స్థిరంగా ఉంది అని రాసేవాళ్లు. అప్పటివరకు చూసినదాన్ని బట్టి అది అబద్ధం కూడా కాదు. అందుకే ఎవరైనా రిజల్ట్ చెప్పినప్పుడు శాతంతో పాటు, ఎన్నేళ్లు చూసి చెప్తున్నారో కూడా అడగాలి.

ఇప్పుడు లేజర్ దగ్గరికి వద్దాం. ఇందులో మనవాడు ఒకాయన ఉన్నాడు. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. న్యూయార్క్ దగ్గర ఐబీఎం రిసెర్చ్ సెంటర్‌లో పనిచేసేవాడు. 1981 నవంబర్ 27, అమెరికన్ల థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి మాంసం ల్యాబ్‌కి పట్టుకొచ్చాడు. దాని మీద ఎక్సైమర్ లేజర్ వేస్తే, చుట్టుపక్కల కాలకుండా, కమలకుండా, నీట్‌గా పొర లేచిపోయింది. జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ ఆయన తోటి శాస్త్రవేత్తలు. ఈ ముగ్గురికీ 2013లో అధ్యక్షుడు ఒబామా నేషనల్ మెడల్ ఇచ్చాడు. 1983లో స్టీవెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టర్ శ్రీనివాసన్‌తో కలిసి ఈ లేజర్‌తో కార్నియాని చెక్కవచ్చని చూపించాడు. ఒక్కో పల్స్‌కి మైక్రాన్‌లో నాలుగో వంతు మాత్రమే లేస్తుంది. కత్తితో ఈ పని ఊహించలేం.

మొదట కార్నియా పైన నేరుగా లేజర్ వేసేవాళ్లు, దాన్ని పీఆర్‌కే అంటారు. 1995లో అమెరికా ఎఫ్‌డీఏ దీనికి ఉపయోగించే లేజర్‌కి అనుమతి ఇచ్చింది. ఈలోగా గ్రీస్‌లోని క్రీట్ దీవిలో ఇయోనిస్ పల్లికారిస్ ఇంకో దారి పట్టాడు. కార్నియా మీద పల్చటి మూత లాంటి పొరని లేపి, కింద లేజర్ వేసి, మళ్లీ మూత వేసేయడం. నొప్పి తక్కువ, మర్నాటికే చూపు. అదే లాసిక్. 1990ల్లో ఈ మెషీన్లు మన దేశానికీ వచ్చాయి. తర్వాత హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ రోడ్ల మీద హోర్డింగులు వచ్చాయి. పెళ్లిచూపులకి ముందు కళ్లజోడు తీసేయించుకోవడం ఒక పనిగా లిస్టులో చేరింది.

లాసిక్ ఆర్‌కే కంటే చాలా మెరుగు, ఇందులో డౌట్ లేదు. కానీ కాలం దీనికీ కొన్ని పాఠాలు చెప్పింది.

మొదటిది, కార్నియా బలం. చిన్న లెక్క వేద్దాం. 6 మిల్లీమీటర్ల వెడల్పులో ఒక పాయింట్ సైట్ తీయాలంటే దాదాపు 12 మైక్రాన్లు చెక్కాలి. మైనస్ 6 అంటే 72 మైక్రాన్లు. పైన మూత 110 మైక్రాన్లు అనుకుందాం. ఆ మూత మళ్లీ అతుక్కుంటుంది గానీ బరువు మోసే బలం దానికి పెద్దగా రాదు. 540లోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది 358. ఇది సరిపోతుంది. కానీ కార్నియా ముందే పల్చగా ఉన్నా, కెరటోకోనస్ మొదలయ్యే లక్షణాలు లోపల దాగి ఉన్నా? 1998లో జర్మన్ డాక్టర్ థియో సైలర్ అలాంటి కేసులు రిపోర్ట్ చేశాడు. లాసిక్ అయిన కొన్నాళ్లకి కార్నియా బలం చాలక ముందుకు పొడుచుకొస్తోంది. దీన్ని ఎక్టేసియా అంటారు. కొందరిలో నెలల్లో వస్తుంది, కొందరిలో ఏళ్ల తర్వాత వస్తుంది. కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలి అనే రూల్, ఆపరేషన్‌కి ముందు టోపోగ్రఫీ అనే కార్నియా మ్యాప్ తప్పనిసరి అనే పద్ధతి గట్టిపడింది ఇలాంటి కేసుల వల్లే. చాలామంది డాక్టర్లు ఇప్పుడు 300 దాకా ఉంచుతారు.

దీనికి చికిత్స కూడా వచ్చింది. విటమిన్ బీ2 చుక్కలు వేసి, అల్ట్రావయొలెట్ కాంతి పెట్టి కార్నియాని గట్టిపరచడం. క్రాస్‌లింకింగ్ అంటారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో దీన్ని తయారుచేసిన టీమ్‌లో ఈ సైలర్ కూడా ఉన్నాడు. ఎఫ్‌డీఏ 2016లో ఒప్పుకుంది. ఒక్క షరతు. క్రాస్‌లింకింగ్ జబ్బుని ఆపుతుంది, పోయిన ఆకారాన్ని పూర్తిగా వెనక్కి తేదు. అంటే ముందుగా పట్టుకోవాలి. చెక్‌అప్‌కి వెళ్తేనే పట్టుకోగలం.

రెండోది, కంటి లోపలి ప్రెజర్. గ్లాకోమా అనే జబ్బు ఉంది, మన పెద్దవాళ్లు నీటికాసులు అంటారు. నొప్పి లేకుండా పక్క చూపు నుంచి తినేస్తూ వస్తుంది. దాన్ని పట్టుకోడానికి కంటి ప్రెజర్ కొలుస్తారు. కొలిచే పద్ధతి ఏంటంటే, కార్నియాని కొంచెం నొక్కి, ఎంత బలం పట్టిందో చూడటం. గాలి తక్కువున్న సైకిల్ ట్యూబ్‌ని వేలితో నొక్కి చూసినట్టు. లాసిక్‌లో కార్నియా పల్చబడింది కాబట్టి తేలిగ్గా నొక్కుకుపోతుంది, ప్రెజర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత మీరు ఇంకో ఊళ్లో, ఇంకో డాక్టర్ దగ్గర కూర్చుని ఆపరేషన్ సంగతి చెప్పకపోతే, రీడింగ్ నార్మల్ అని పంపించేసే ప్రమాదం ఉంది. మైనస్ సైట్ ఎక్కువ ఉన్నవాళ్లకి గ్లాకోమా రిస్క్ అసలే కాస్త ఎక్కువ.

మూడోది, రెటీనా. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, కనుగుడ్డు పొడవు మారదని. పొడుగు కంట్లో రెటీనా సాగి పల్చగా ఉంటుంది. అంచుల్లో చిల్లు పడొచ్చు, ఊడొచ్చు. ఆపరేషన్‌తో కళ్లజోడు పోయింది గానీ ఈ రిస్క్ పోలేదు. అసలు చిక్కు ఏంటంటే, కళ్లజోడు ఉన్నప్పుడు ఏడాదికోసారి పవర్ చెక్ కోసమైనా డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లం. కళ్లజోడు పోగానే ఆ వెళ్లడం కూడా ఆగిపోతుంది. 6/6 కనపడుతోంది కదా అని పదిహేనేళ్లు కంటి డాక్టర్ గడప తొక్కనివాళ్లు చాలామంది ఉంటారు.

నాలుగోది మీ ఇంట్లో ఇప్పుడే ఎదురుకావచ్చు. శుక్లాలు. 2000 ప్రాంతంలో పాతికేళ్ల వయసులో లాసిక్ చేయించుకున్న మీ బాబాయో పిన్నో ఇప్పుడు యాభై దగ్గర ఉంటారు. ఇంకో పది, పదిహేనేళ్లలో వాళ్లకి శుక్లాల ఆపరేషన్ రావొచ్చు. అందులో మసకబారిన లెన్స్ తీసి, కొత్త లెన్స్ పెడతారు. దాని పవర్ ఎంత ఉండాలో లెక్క కట్టే ఫార్ములాలు ఉంటాయి. పాత ఫార్ములాలు కార్నియా ముందు వంపుని కొలిచి, వెనక వంపు మామూలు నిష్పత్తిలోనే ఉంటుందని అనుకుంటాయి. లాసిక్‌లో ముందు వైపు చదునైంది, వెనక వైపు అలాగే ఉంది. నిష్పత్తి తప్పిపోయింది. మామూలు పద్ధతిలో లెక్క కడితే తక్కువ పవర్ లెన్స్ పెడతారు, పేషెంట్ ప్లస్ సైట్‌తో బయటికి వస్తాడు. మొదటి తరం లాసిక్ పేషెంట్లకి శుక్లాల ఆపరేషన్ చేయడం మొదలయ్యాక డాక్టర్లకి ఇది బాగా తెలిసొచ్చింది.

దానికి పరిష్కారాలు వచ్చాయి. లాసిక్ కళ్ల కోసం ప్రత్యేక ఫార్ములాలు ఉన్నాయి, ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఉన్నాయి. కొన్ని పాత రికార్డు లేకుండా కూడా పనిచేస్తాయి. కానీ ఆపరేషన్‌కి ముందు మీ కార్నియా వంపు ఎంత, సైట్ ఎంత, ఎంత తీశారు అనే అంకెలు చేతిలో ఉంటే డాక్టర్ ఇంకో దారిలో కూడా లెక్క సరిచూసుకోవచ్చు. ఆ అంకెలు ఎక్కడున్నాయి? ఇరవై ఏళ్ల కింద చేసిన క్లినిక్‌లో. ఆ క్లినిక్ ఇప్పుడుందా? ఉన్నా రికార్డు దాచిందా? మీ దగ్గర మిగిలింది ఒక నల్ల కళ్లద్దాల కవర్, ఒక బిల్లు. అంతే కదా?

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. భయపెట్టడానికి ఈ ఎపిసోడ్ చేయట్లేదు. 2008లో ఎఫ్‌డీఏ లాసిక్ మీద బహిరంగ విచారణ పెట్టింది. ఆగని పొడి కళ్లు, నొప్పి, రాత్రి లైట్ల చుట్టూ వలయాలతో బాధపడేవాళ్లు వచ్చి మాట్లాడారు. ఆ తర్వాత పేషెంట్ల అనుభవాన్నే కొలిచే స్టడీ చేశారు. పేరు ప్రౌల్, రిజల్ట్ 2017లో వచ్చింది. 95 శాతానికి పైగా తమ చూపుతో తృప్తిగా ఉన్నారు. అదే స్టడీలో, ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో 40 శాతానికి పైగా మందికి మూడు నెలలకి వలయాలు, గ్లేర్ లాంటి ఏదో ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. చాలామందికి అది రోజువారీ పనికి అడ్డం కాలేదు. రెండు లెక్కలూ నిజమే. అయితే ఆ స్టడీ పేషెంట్లని చూసింది మూడు నుంచి ఆరు నెలలు మాత్రమే. పెర్క్ కథ విన్నాం కాబట్టి, ఆ చివరి ముక్క మనకి ఇప్పుడు వేరేగా వినపడాలి.

స్మైల్ చేయించుకున్నవాళ్లు, మాకు మూత లేదు కదా అంటారు. నిజమే, మూత లేదు. కానీ కార్నియా లోంచి తీసిన పొర తీసిందే, ప్రెజర్ సంగతీ, శుక్లాల లెక్కా మీకూ వర్తిస్తాయి. ఐసీఎల్ పెట్టించుకున్నవాళ్లకి ఇంకో పని ఉంది. కంటి లోపల ఇంకో లెన్స్ కూర్చుంది కాబట్టి, సాతో కథలో విన్న ఆ ఎండోథీలియం కణాలు ఎన్ని ఉన్నాయో కాలానుగుణంగా లెక్కపెట్టించుకోవాలి. లెన్స్‌కీ, మీ సహజ లెన్స్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో కూడా చూస్తారు.

మరి మనం చేయాల్సింది ఏంటి? చాలా సింపుల్.

ఒకటి, రికార్డు. ఆపరేషన్‌కి ముందు సైట్, కార్నియా వంపు రీడింగులు, వాటిని కే రీడింగ్స్ అంటారు, కార్నియా మందం, టోపోగ్రఫీ మ్యాప్, ఏ పద్ధతి, ఏ తేదీ, ఎన్ని మైక్రాన్లు తీశారు, ఆపరేషన్ తర్వాత సైట్ ఎంతకి నిలిచింది. ఇవన్నీ అడిగి తీసుకోండి. అవి మీ కంటి వివరాలు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఫొటో తీసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఫోన్ గ్యాలరీలో మాత్రమే ఉంచకండి, ఇరవై ఏళ్లలో మీరు ఎన్ని ఫోన్లు మారుస్తారో మీకే తెలుసు. ఇంట్లో బాబాయికో పిన్నికో లాసిక్ అయి ఉంటే, వాళ్ల క్లినిక్‌కి ఈ వారమే ఫోన్ చేయించండి. ఇంకా దొరికే ఛాన్స్ ఉంది.

రెండు, ఏడాదికోసారి చెక్‌అప్. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడమని అడగండి. ప్రెజర్ కొలిచేటప్పుడు నాకు లాసిక్ అయింది అని చెప్పండి. సైట్ మళ్లీ వస్తున్నట్టు, ఒక బొమ్మ రెండుగా కనపడుతున్నట్టు అనిపిస్తే టోపోగ్రఫీ మళ్లీ తీయించండి. కళ్లు గట్టిగా నలపడం మానేయండి, కార్నియాకి అది మంచిది కాదు.

మూడు, ఆగకూడని సందర్భాలు. చీకట్లో మెరుపులు కనపడటం, ఒక్కసారిగా నల్ల చుక్కలు, దారాలు ఎక్కువ కావడం, ఒక పక్క తెర దిగినట్టు ఉండటం. ఇవి రెటీనా సంకేతాలు, ఆ రోజే వెళ్లాలి. లాసిక్ కంటికి బంతి గానీ వేలు గానీ గట్టిగా తగిలితే, ఆపరేషన్ అయి ఎన్నేళ్లయినా సరే వెంటనే చూపించుకోండి. మూత కదిలిన కేసులు ఏళ్ల తర్వాత కూడా ఉన్నాయి.

నలభై దాటాక దగ్గరి చూపుకి కళ్లజోడు రావడం మాత్రం జబ్బు కాదు. అది వయసు. ఆపరేషన్ ఫెయిల్ అయిందని డాక్టర్‌తో గొడవపడకండి.

చివరగా ఒక్క మాట. ఈ చరిత్రలో సర్జన్ల పేర్లు చాలా చెప్పాను. నాకు మాత్రం ఎక్కువ గుర్తుండేది పేర్లు తెలియని ఆ 374 మంది. వాళ్లలో సగానికి పైగా కళ్లకి కళ్లజోడు లేకుండానే బాగా కనపడుతోంది. పదేళ్ల తర్వాత ఆస్పత్రికి వచ్చి కూర్చోవాల్సిన అవసరం చాలామందికి లేదు. అయినా సెలవు పెట్టుకుని, ప్రయాణం చేసి వచ్చారు, కళ్లు చూపించారు. వాళ్లు రాకపోయి ఉంటే 43 శాతం అనే అంకె ఉండేది కాదు. తర్వాతి తరం డాక్టర్లు ఎంతకాలం చూడాలో, ఏం చూడాలో నేర్చుకునేవాళ్లు కాదు.

కాబట్టి మీ కళ్లకి అంతా బాగానే ఉన్నప్పుడు చెక్‌అప్‌కి వెళ్లడం టైమ్ వేస్ట్ అనిపిస్తే, వాళ్లని గుర్తుచేసుకోండి. ఈ వీడియో ఆపగానే మీ ఆపరేషన్ తేదీ ఎప్పుడో, చివరిసారి కంటి డాక్టర్‌ని ఎప్పుడు కలిశారో ఒకసారి లెక్క చూసుకోండి. ఆ రెండు తేదీలూ పక్కపక్కనే ఉంటే మాత్రం, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఇంకో కథతో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.